మాటగా మారిన పటం



పటాల గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు కాస్త తటపటాయించాను. పటం కంటితో చూసేది, రేడియో చెవితో వినేది. రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది అనిపించింది. ఆలోచిస్తే మన కోస్తాలో ఒక పటం ఏళ్ల తరబడి మాటల రూపంలోనే పడవలకు చేరుతోందని గుర్తొచ్చింది. గీసేవాళ్లు దాన్ని రంగుల్లో గీస్తారు. అందుకునే మనిషికి అది ఒక చిన్న వాక్యమై అందుతుంది. ఉదాహరణకు ఇలా ఉంటుందనుకోండి: ఫలానా లైట్‌హౌస్ నుంచి ఆగ్నేయంగా, 35 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో, లోతు 80 నుంచి 90 మీటర్లు ఉన్నచోట చేప దొరకవచ్చు. అంతే. ఒక దిక్కు, ఒక దూరం, ఒక లోతు. బోటు నడిపే సరంగుకు ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు, ఇంతకంటే తక్కువైతే పనికిరాదు.

ఈ చిన్న వాక్యం వెనక ఎన్ని యంత్రాలున్నాయో, అవి ఎలా పనిచేస్తాయో ఈ పూట మీకు చెబుతాను. ఆ వాక్యం చివరికి ఎవరి చెవిన పడుతుంది, పడకపోతే ఏమవుతుంది అన్నది కూడా చెబుతాను. నాకు అసలు ముఖ్యమనిపించేది ఆ రెండో సంగతే.

వాక్యం తయారయ్యే చోటు హైదరాబాదు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అందరి నోటా నలిగిన పేరు ఇన్‌కాయిస్, నగరంలోని ప్రగతినగర్‌లో ఉంది. 1999లో పెట్టారు. అక్కణ్ణుంచి సూటిగా గీత గీసినా దగ్గరి సముద్రం 250 కిలోమీటర్ల పైనే ఉంటుంది. సముద్రాన్ని చూసుకునే కార్యాలయానికి కిటికీలోంచి కెరటం కనబడదు. అయినా ఆ గదుల్లోని తెరల మీద హిందూ మహాసముద్రం రాత్రింబవళ్లు కదులుతూనే ఉంటుంది.

ఆ గదుల్లోకి వెళ్లేముందు ఒకసారి ఒడ్డుకు రండి. పటం అంటే కాగితమే కానక్కర్లేదని మన జాలర్లకు ముందునుంచీ తెలుసు. విశాఖ తీరంలో తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి నిలబడతాయి కదా. పడవలోంచి ఒడ్డు కేసి చూసినప్పుడు ఒక గుడి గోపురం వెనక ఫలానా కొండ శిఖరం సరిగ్గా వచ్చి నిలబడితే అది ఒక గీత. మరో పక్కన తాటితోపు, దాని వెనక ఇంకో కొండ కలిస్తే రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట నీళ్ల అడుగున రాతిదిబ్బ ఉంటుంది. అక్కడ గాలం వెయ్యాలి. ఈ గుర్తులు తండ్రి కొడుక్కి చెప్పుకునేవి, పక్క పడవవాడికి చెప్పనివి. లోతు కొలవడానికి తాడుకు బరువు కట్టి దించి బారల్లో లెక్కపెట్టేవారు. పాతకాలపు నావికులైతే ఆ సీసపు గుండు అడుగున కొవ్వు పూసి, దానికి అంటుకొచ్చింది ఇసుకా బురదా అని చూసి నేల ఎలాంటిదో చెప్పేవారు. దిక్కు, దూరం, లోతు. నేను మొదట చెప్పిన వాక్యంలోని మూడు ముక్కలూ ఇవే. కొత్త విద్య సరంగు అడిగే ప్రశ్నను మార్చలేదు. జవాబు వచ్చే దారిని మార్చింది.

ఆ దారి ఆకాశంలో మొదలవుతుంది.

సముద్రం పైపొర వెచ్చదనాన్ని ఉపగ్రహం దాదాపు కిలోమీటరుకో చుక్క చొప్పున కొలవగలదు. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కాంతిని వదులుతుంది. నీళ్లు కూడా వదులుతాయి. ఆ కాంతి ఎంత ఉందో చూసి నీళ్ల ఉష్ణోగ్రత లెక్కగడతారు. ఇదొక పటం. రెండోది రంగు పటం. లోతైన, ఖాళీ సముద్రం ముదురు నీలంగా ఉంటుంది. సూదిమొన కంటే చిన్నవైన మొక్కలు, వృక్షప్లవకాలు అంటాం, పెరిగిన చోట నీళ్లు ఆకుపచ్చ వైపు తిరుగుతాయి. వాటిలో ఉండేది మన వరిచేలో ఉండే పత్రహరితమే. అది నీలి వెలుగును మింగేసి పచ్చ వెలుగును వదిలేస్తుంది. 700 కిలోమీటర్ల పైనుంచి ఈ తేడా పట్టుకోవడానికి మనవాళ్లు ప్రత్యేకంగా ఉపగ్రహాలు చేశారు. మొదటి ఓషన్‌శాట్ 1999 మే 26న, రెండోది 2009 సెప్టెంబరు 23న, మూడోది 2022 నవంబరు 26న, మూడూ శ్రీహరికోట నుంచే పైకి వెళ్లాయి. మూడో ఓషన్‌శాట్‌లోని రంగుల కన్ను సముద్రాన్ని 13 వన్నెల్లో విడదీసి చూస్తుంది. పులికాట్ సరస్సు పక్కనుంచి లేచిన ఉపగ్రహం తిరిగి పులికాట్ ముందున్న సముద్రంలో పచ్చిక ఎక్కడ మొలిచిందో చెబుతుందంటే నాకు ఎప్పుడూ సంతోషంగానే ఉంటుంది.

పచ్చిక అన్న మాట కావాలనే వాడాను. ఆ సూక్ష్మమైన మొక్కలకు రెండు కావాలి: వెలుగు, ఎరువు. వెలుగు పైన ఉంది. ఎరువు అడుగున ఉంది, ఎందుకంటే చచ్చినవన్నీ కిందికి దిగిపోతాయి. గాలీ ప్రవాహమూ కలిసి అడుగునున్న చల్లని నీటిని పైకి లాగినప్పుడు రెండూ ఒకచోట చేరతాయి. పచ్చిక మొలుస్తుంది. దాన్ని మేసే చిన్న జీవులు చేరతాయి, వాటికోసం కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు వస్తాయి, వాటి వెంట వంజరం, ట్యూనా వస్తాయి. ఇదంతా జరగడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే వెచ్చని నీళ్లకూ చల్లని నీళ్లకూ మధ్య గట్టులాంటి హద్దు ఎక్కడుంది, రంగు ఎక్కడ మారింది, ఈ రెండూ ఎక్కడ కలిశాయి అని వెతుకుతారు. ఆ చోటును వాక్యంగా రాసి పంపుతారు. అనుభవమున్న సరంగును అడగండి, అతనూ ఇదే చెబుతాడు. నురగ వరసకట్టిన చోట, చెత్తాచెదారం గీతలా పేరుకున్న చోట, పిట్టలు వాలుతున్న చోట, నీటి రంగు మారిన చోట వల వెయ్యాలంటాడు. అతను కంటికి ఆనినంత మేర చూస్తాడు, ఉపగ్రహం బంగాళాఖాతం మొత్తం చూస్తుంది. చూసేది మాత్రం ఒకే గట్టును.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పటం చేపను చూడదు. చేప వచ్చే అవకాశమున్న మేతను చూస్తుంది. అడుగున తిరిగే చేపలకంటే పైపొరల్లో తిరిగే చేపలకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఇంకొకటి, పరారుణ కాంతి మబ్బును దాటి రాలేదు. వర్షాకాలంలో ఆకాశం కమ్ముకున్న రోజుల్లో మన తీరం ముందు ఆ పటంలో ఖాళీ ఉంటుంది, సలహా రాదు. మైక్రోవేవ్ పరికరాలు మబ్బును దాటి చూస్తాయి కానీ వాటి చూపు మొద్దు. పాతిక కిలోమీటర్లను ఒక్క చుక్కగా చూస్తే గట్టు ఎక్కడ కనబడుతుంది? ఇక తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక మర బోట్లు కదలవు, ఆ రోజుల్లో సలహాలూ ఆపేస్తారు. ఆపడం చాలా మంచి పని. చేప ఎక్కడుందో చెప్పే విద్య చేతిలో ఉన్నవాళ్ల మీద, చేప మిగిలేలా చూసే బాధ్యత కూడా ఉంటుంది. ఒకే వాక్యం వెయ్యి బోట్లకు వెళితే, వెయ్యి బోట్లూ ఒకేచోట వలలు దించితే ఏమవుతుందో మనం ఆలోచించాలి. సలహాతో పాటు ఎంత పట్టవచ్చో, ఏ సైజు కన్ను వల వాడాలో కూడా అదే సందేశంలో వస్తే బాగుంటుందని నా కోరిక.

ఉపగ్రహానికి మరో లోటుంది. అది నీటి చర్మాన్నే చూస్తుంది. చర్మం కింద ఏముందో చెప్పడానికి నాకెంతో ఇష్టమైన ఒక యంత్రం ఉంది. పేరు ఆర్గో. పొడవాటి సన్నటి గొట్టం, తలమీద ఒక ఆంటెనా. ఓడలోంచి దాన్ని సముద్రంలో వదిలేస్తారు, ఇక ఎవరూ ముట్టుకోరు. అది తనంతట తనే 1,000 మీటర్ల లోతుకు దిగి, అక్కడి నీటి వాలున దాదాపు తొమ్మిది రోజులు కొట్టుకుపోతుంది. తర్వాత 2,000 మీటర్లకు మునుగుతుంది. అక్కడ నీటి ఒత్తిడి మన మీదున్న గాలి ఒత్తిడికి 200 రెట్లు. అక్కణ్ణుంచి పైకి వస్తూ దారి పొడవునా నీటి వెచ్చదనం, ఉప్పదనం, ఒత్తిడి కొలుచుకుంటుంది. పైకి తేలాక తానెక్కడుందో, ఏం కొలిచిందో ఉపగ్రహానికి చెప్పేసి మళ్లీ మునిగిపోతుంది. పది రోజులకో చుట్టు. బ్యాటరీ ఉన్నన్నాళ్లు, అంటే సుమారు నాలుగైదేళ్లు, ఇదే పని.

మోటారు రెక్కలు లేకుండా అది ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది? దాని కడుపులో కొంత నూనె ఉంటుంది, బయట ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. నూనెను తిత్తిలోకి పంపితే తిత్తి ఉబ్బుతుంది, బరువు మారకుండానే గొట్టం చోటు పెరుగుతుంది, పైకి తేలుతుంది. నూనెను వెనక్కి లాగితే మునుగుతుంది. చేప తన గాలితిత్తితో చేసే పని ఇది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి దాదాపు 4,000 తిరుగుతున్నాయి. అనేక దేశాలు వేసినవి, మన దేశం వేసినవీ ఉన్నాయి. కొలత ఏ దేశపు గొట్టం తెచ్చినా ఒక రోజు లోపే అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలన్నది వాటి నియమం. హిందూ మహాసముద్రానికి సంబంధించిన ఆ కొలతలను సరిచూసి భద్రపరిచే ప్రాంతీయ కేంద్రం మన హైదరాబాదులోని ఇన్‌కాయిసే. కాలేజీలో చదివే కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎవరైనా వింటుంటే చెబుతున్నాను, బంగాళాఖాతం లోపలి కొలతలు మీ కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

ఆ కొలతలు మన బతుకుకు ఎందుకు పనికొస్తాయో చూడండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు బంగాళాఖాతంలోనే కలుస్తాయి. నది నీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి వర్షాకాలం తర్వాత సముద్రం మీద పలచని తీపినీటి దుప్పటి పరుచుకుంటుంది. ఆ దుప్పటి అంత తేలిగ్గా కిందిపొరతో కలవదు. ఎండకు అది వేడెక్కుతుంది, వేడి అక్కడే నిలిచిపోతుంది. తుపానుకు మేత ఆ వేడే. మామూలుగా పెద్ద గాలి సముద్రాన్ని చిలికితే అడుగు చల్లదనం పైకొచ్చి తుపాను తన బలాన్ని తానే తగ్గించుకోవాలి. ఇక్కడ దుప్పటి అడ్డం వచ్చి చల్లదనాన్ని పైకి రానివ్వదు. అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరం గుండె ఎందుకు గుబగుబలాడుతుందో చెప్పడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ పెద్ద కారణాల్లో ఇదొకటి. ఉపగ్రహం పైపొర వేడిని చూపిస్తే, ఆ వేడి ఎంత లోతు వరకు ఉందో ఆర్గో చెబుతుంది. తుపాను బలపడుతుందా అన్న లెక్కలో ఈ రెండో అంకె చాలా విలువైనది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న రేడియోకు చుట్టమైన ఒక పరికరం గురించి. మచిలీపట్నం తీరంలో, యానాం తీరంలో వరసగా పాతిన రాడార్ ఆంటెనాలున్నాయి. షార్ట్‌వేవ్ అలలను సముద్రం మీదికి వదలడం, తిరిగొచ్చినవాటిని వినడం, ఇదే వాటి పని. రేడియో అల పొడవులో సరిగ్గా సగం పొడవున్న సముద్రపు కెరటాలు దాన్ని గట్టిగా వెనక్కి కొడతాయి. ఆ కెరటాలు నిలబడిన నీళ్ల మీద ఉంటే ప్రతిధ్వని స్వరం ఒకలా ఉండాలి. నీరు మొత్తంగా ఒడ్డు వైపు కదులుతుంటే స్వరం కాస్త పైకి జరుగుతుంది, దూరంగా పోతుంటే కిందికి జరుగుతుంది. ఎదురొచ్చే రైలు కూత, దాటిపోయిన రైలు కూత వేరుగా వినబడవూ, ఆ లెక్కే. ఒక్క కేంద్రానికి నీరు తన వైపు వస్తోందా పోతోందా అన్నంతవరకే తెలుస్తుంది. మచిలీపట్నం చెప్పింది, యానాం చెప్పింది కలిపితేనే ప్రవాహం అసలు దిక్కూ వేగమూ బయటపడతాయి. 200 కిలోమీటర్ల దాకా సముద్రం మీద ప్రవాహాల పటం ఇలా ఒడ్డున కూర్చునే గీస్తారు. ఇంజను ఆగిన పడవ, పడవలోంచి జారిన మనిషి ఎటు కొట్టుకుపోయి ఉంటారో లెక్కగట్టాలంటే గాలితో పాటు ప్రవాహమూ తెలియాలి. సరత్ అనే పేరుతో ఇన్‌కాయిస్ తయారుచేసిన వెతుకులాట సాధనం ఇలాంటి ప్రవాహాల, గాలుల అంచనాల మీదే నడుస్తుంది. ఎక్కడ, ఏ గంటకు తప్పిపోయారో చెబితే ముందు ఏ ప్రాంతంలో వెతకాలో అది పటం మీద గీసిస్తుంది.

విశాఖపట్నం ముందు నీళ్లలో బోయా అనే పసుపు రంగు గోళం ఒకటి లంగరు మీద ఊగుతూ ఉంటుంది. కెరటంతో పాటు లేస్తూ పడుతూ అది తన ఊపునే కొలుచుకుంటుంది. కెరటాల ఎత్తును అలాంటి గోళాలు మనకు చెబుతాయి. ఇక్కడ మత్స్యకార సోదరులు ఒక సంగతి శ్రద్ధగా వినాలి. సూచనలో కెరటాల ఎత్తు 2 మీటర్లు అని వస్తే, ప్రతి కెరటమూ 2 మీటర్లే ఉంటుందని కాదు. వచ్చిన కెరటాల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటి సగటు కడితే వచ్చిన అంకె అది. గంటల తరబడి సముద్రంలో ఉంటే మధ్యలో ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. ఆ ఒక్కటే పడవను బోల్తా కొట్టిస్తుంది. రేవుల్లో బోర్డు మీద ఆ అంకె పెట్టేవాళ్లు దాని పక్కన ఈ ముక్క కూడా పెట్టాలి. పెద్ద కెరటం ఎంతుండవచ్చో అచ్చ తెలుగులో ఒక్క వాక్యం చాలు.

కెరటాన్ని మించిన ఆపదలూ ఉన్నాయి. 1977 నవంబరు 19ని దివిసీమలో ఎవరూ మరిచిపోలేదు. నాటి ఉప్పెన పదివేల ప్రాణాలను తీసుకుపోయిందని అధికారిక లెక్క. ఆనాడు ఉప్పెన ఎంత ఎత్తున, ఎంత దూరం లోపలికి వస్తుందో ఊరి పటం మీద గీసి చూపించే సాధనం లేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం, మన గడియారంలో ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. సునామీ మన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైనే పట్టింది. రెండు గంటలంటే ఊరంతా నడిచి మెరకకు చేరేంత సమయం. కానీ ఆ కబురు చెప్పేవాళ్లే లేరు. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. ఆ తర్వాత 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. నాలుగు కిలోమీటర్ల నీళ్ల అడుగున కూర్చుని, పైన నీటిమట్టం ఒక్క సెంటీమీటరు మారినా ఒత్తిడిలో తేడా పసిగట్టే పరికరాలు దానికి చెవులు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రోజు భూపలకలు పక్కకు జరిగాయి తప్ప నీటిని పైకెత్తలేదు. అల చిన్నదని సముద్రపు కొలతలు చెప్పాయి. మన తూర్పు తీరంలో లక్షల మందిని పరుగులు పెట్టించాల్సిన అవసరం రాలేదు. ఆపద ఉన్నప్పుడు చెప్పడం ఎంత అవసరమో, లేనప్పుడు లేదని ధైర్యంగా చెప్పగలగడమూ అంతే అవసరం. రెండుసార్లు ఉత్తినే పరిగెత్తించిన ఊరు మూడోసారి కదలదు.

ఇంత కొలతా ఒడ్డుకు ఎలా చేరుతుంది? ముందు సలహాలు కాగితం మీద, ఫ్యాక్సులో వెళ్లేవి. తర్వాత చేపల రేవుల్లో ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టారు. తెలుగు అక్షరాలు ఎర్రగా వెలుగుతూ ఆ రోజు దిక్కు, దూరం, లోతు, కెరటాల ఎత్తు చెబుతాయి. ఫోన్లు వచ్చాక సందేశాలుగా, మాటల రికార్డులుగా, యాప్‌లుగా వెళుతున్నాయి. 2020 డిసెంబరులో ఇన్‌కాయిస్ డిజిటల్ ఓషన్ అనే వేదికను తెరిచింది. ఉపగ్రహం, ఆర్గో, బోయాలు, రాడార్లు ఇచ్చిన కొలతలన్నీ ఒకే తెర మీద ఒకదాని మీద ఒకటి పేర్చి చూడొచ్చు. సముద్రాన్ని పైనుంచి చూస్తూ చూస్తూ నిలువునా కోసి లోపలి పొరలు చూడొచ్చు, రోజుల్ని ముందుకూ వెనక్కూ జరపొచ్చు. పరిశోధకుడికి అదొక నిధి. పదో తరగతి పిల్లలకు దాన్ని ఒక్క గంట చూపిస్తే భూగోళ పాఠం జీవితాంతం గుర్తుంటుంది.

కానీ తెరల సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఒక రేవు గుర్తొస్తుంది. పేరు చెప్పను. తెల్లవారుజామున వెళ్లాను. బోర్డు ఉంది, వెలుగు లేదు. ఎన్నాళ్లయిందని అడిగితే, మంచు గడ్డలు మోస్తున్న కలాసీ ఒకతను తలతిప్పకుండానే, “చాలా కాలమైందండి” అన్నాడు. అతనికి అందులో వింతేమీ లేదు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. శ్రీహరికోటలో వందల కోట్ల రాకెట్టు, 700 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం, రెండు కిలోమీటర్ల లోతున తేలే గొట్టం, హైదరాబాదులో రాత్రంతా మేలుకున్న శాస్త్రవేత్త, అందరూ కలిసి చేసిన పని ఆ చివరి పది అడుగుల తీగ దగ్గర ఆగిపోయింది. ఆ రోజు అక్కడి బోట్లు తమ లెక్క ప్రకారమే వెళ్లాయి. బోర్డు పెట్టిన రోజున జరిపే సభకు ఉన్నంత శ్రద్ధ, దాన్ని ఏడాది తర్వాత తుడిచే మనిషి మీదా ఉండాలని గట్టిగా అనుకుంటాను. బాగుచేసే మనిషి పేరు, ఫోను నంబరు ఆ బోర్డు కిందే రాసిపెడితే రేవువాళ్లే అడుగుతారు. అడగడం వాళ్లకు తెలుసు. ఇంకో సంగతి, రేవులో ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్లు. చేపలు వేలం పాడుకునేదీ, ఎండబెట్టేదీ, బోటు ఆలస్యమైతే ఒడ్డున నిలబడి సముద్రం కేసి చూసేదీ వాళ్లే. బోర్డు ఎక్కడ పెట్టాలో, ఏ అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో ముందు వాళ్లనే అడగాలి.

ఒడ్డు దాటాక ఇంకో చిక్కు. సెల్‌ఫోను సిగ్నలు తీరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్ల దాకానే. ఆ తర్వాత ఫోను కెమెరాకూ పాటలకూ తప్ప దేనికీ పనికిరాదు. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు పడవలు అప్పటికే ఎంతో దూరం పోయి ఉన్నాయి. వాటికి కబురు చెప్పే దారి లేదు. వందల కుటుంబాలు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. 2019లో జెమిని అనే చిన్న పరికరం వచ్చింది. అది ఉపగ్రహం నుంచి వచ్చే సందేశాన్ని పట్టుకుని, సిగ్నలు లేని చోట కూడా, పక్కనున్న ఫోనుకు అందిస్తుంది. అయితే అది వినగలదు, మాట్లాడలేదు. 2024 ఆగస్టులో దేశమంతటా లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం మొదలైంది. అది రెండు వైపులా పనిచేస్తుంది. ఒడ్డు మాట పడవకు వినబడుతుంది, పడవ మాట ఒడ్డుకు వినబడుతుంది.

ఆ రెండో వైపు గురించే నాకు బెంగ. మనం శాస్త్రమంటే పైనుంచి కిందికి దిగేదనుకుంటాం. కిందివాళ్లతో మాట్లాడకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నడిసముద్రంలో లంగరు వేసి నిలిపిన పెద్ద బోయాలున్నాయి. గాలి, వాన, కెరటం, నీటి వేడి కొలిచి పంపుతాయి. నీడ ఉన్నచోట చేప చేరుతుంది, బోయా కింద నీడ ఉంటుంది, కాబట్టి బోయా చుట్టూ చేప చేరుతుంది. పడవలు దానికి తాడు కట్టి వేట సాగిస్తాయి. ఆ లాగుడుకు తీగలు తెగుతాయి, సోలార్ పలకలు విరుగుతాయి, బోయా మూగబోతుంది. ఆ బోయా చెప్పవలసిన తుపాను కబురు అదే పడవలకు అందదు. తప్పు పడవవాళ్లదేనని ఎవరైనా తేల్చేస్తే నేను ఒప్పుకోను. అది తమ ప్రాణాన్ని కాచే వస్తువని వాళ్లకు ఎవరు చెప్పారు? చెప్పిన రేవుల్లో వాళ్లే దానికి కాపలాదార్లు అవుతారు. రేవు రేవుకూ వెళ్లి సభలు పెట్టి చెబుతున్న శాస్త్రవేత్తలున్నారు. వాళ్లకు నా దండం.

ఇక ఒడ్డు పటం సంగతి. మన ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని మేం బడిలో చదువుకున్నాం. కొత్తగా కొలిస్తే 1,053 కిలోమీటర్లు వచ్చింది. నేల పెరగలేదు. పాత పటం పైపైన చూసి గీసింది, కొత్తది ప్రతి వంపునూ మొగనూ చూసి గీసింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో అయితే ఆ గీత కూడా నిలవదు. అక్కడ ఇళ్లనూ రోడ్డునూ సముద్రం ఏటా కోసుకుపోతోంది, నిరుటి పటం ఈ ఏటికి పాతబడుతుంది. అక్కడ ఏ ఇల్లు ఏ ఏడాది పోయిందో, అంతకుముందు గుడి ఎక్కడుండేదో ఆ ఊరి ముసలమ్మలు వేలు పెట్టి చూపిస్తారు. వాళ్లు చెప్పింది రాసుకుని ఉపగ్రహ చిత్రాల పక్కన పెడితే, ఉపగ్రహాలు లేని కాలపు తీరరేఖ కూడా మనకు దొరుకుతుంది. ఆ పని చేయడానికి ఒక నోట్‌బుక్కూ ఓపికా చాలు. వాళ్లు ఉండగానే చెయ్యాలి.

మత్స్యకార సోదరులకు ఒక మనవితో ముగిస్తాను. జూన్ 15న మళ్లీ వేట మొదలవుతుంది. సలహా ప్రకారం మీరు వెళ్లిన చోట చేప పడితే పడిందని, పడకపోతే పడలేదని తిరిగొచ్చాక మత్స్యశాఖ వారికో, సలహా పంపిన వారికో చెప్పండి. ఏ రోజు వెళ్లారు, ఎంత దూరం, ఏ చేప, ఎన్ని కిలోలు, ఈ నాలుగు ముక్కలు చాలు. ఖాళీ వల సంగతి తప్పకుండా చెప్పండి. హైదరాబాదులో ఆ తెర ముందు కూర్చున్నవాళ్లకు ఎక్కువగా అందనిది ఆ కబురే.